గోదారి మట్టం చూసి హెచ్చరిక నంబరు చెప్పే షీట్: లుకప్ ఫార్ములా ఎలా వేయాలి?

జూలై, ఆగస్టు నెలల్లో మా లంకలో పొద్దున్నే పలకరింపు "ధవళేశ్వరంలో ఎంతుంది?" అనే. "పదమూడు ఎనభై" అంటే చాలు, "రెండోది దాటేసిందా!" అంటూ గొడ్లను గట్టు మీదికి తోలే పనిలో పడతారు. అంకె వినగానే హెచ్చరిక నంబరు చెప్పేసే ఈ లెక్కను ఎక్సెల్‌కి గానీ గూగుల్ షీట్స్‌కి గానీ నేర్పడం తేలికే.

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. దీన్ని చాలామంది ఇఫ్‌లో ("ఇలా అయితే ఇది, కాకపోతే అది" అనే ఫార్ములా) ఇంకో ఇఫ్ దూర్చి రాస్తారు. పనవుతుంది గానీ, బ్రాకెట్లు మూసేసరికి తల తిరుగుతుంది. హద్దులను విడిగా చిన్న పట్టికలో పెట్టుకోవడమే నయం.

ఏ (A) అనే నిలువు వరసలో తేదీ, టైము. బీ (B) వరసలో నీటిమట్టం రాయండి. పట్టికను డీ, ఈ (D, E) వరసల్లో రెండో గడి నుంచి ఇలా వేయండి:

0 – 0
11.75 – 1
13.75 – 2
17.75 – 3

"11.75 నుంచి 13.74 వరకు" అని రాయకండి. అది షీట్ కంటికి అంకె కాదు, మాట. ప్రతి మెట్టుకీ కింది హద్దు ఒక్కటి చాలు. పై హద్దు తర్వాతి మెట్టే చెబుతుంది. మొదట్లో ఆ సున్నా లేకపోతే, 9 అడుగులున్న రోజున హెచ్చరిక బదులు ఎర్రర్ వస్తుంది.

ఇప్పుడు సీ2 గడిలో ఫార్ములా. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను, మీరు ఇంగ్లీషు అక్షరాల్లోనే (వీలుకప్ అంటే VLOOKUP, ట్రూ అంటే TRUE) కొట్టాలి:

=వీలుకప్(బీ2, $డీ$2:$ఈ$5, 2, ట్రూ)

బీ2లో అంకెను తీసుకుని, పట్టిక మొదటి వరసలో దానికి సమానమైనది, లేదా దానికంటే తక్కువవాటిలో అన్నిటికన్నా పెద్దది వెతికి, రెండో వరసలో ఉన్నది తెచ్చిపెట్టమని దీని అర్థం. 13.80 ఇస్తే 13.75 దగ్గర ఆగి 2 అంటుంది. చివర ట్రూ బదులు ఫాల్స్ పెడితే అచ్చంగా 13.80 కోసమే వెతికి, దొరక్క చేతులెత్తేస్తుంది. డాలర్ గుర్తులు మరిచిపోతే ఫార్ములాను కిందికి లాగినప్పుడు పట్టిక కూడా కిందికి జారిపోతుంది.

వేశాక హద్దుల దగ్గరే పరీక్షించండి. 11.74కి 0, 11.75కి 1 రావాలి.

నేను మొదటిసారి చేసిన తప్పు చెబుతాను. ముఖ్యమైనది ముందుండాలి కదా అని మూడో హెచ్చరికను పైన పెట్టి, పట్టికను తిరగేసి రాశాను. 14.2 అడుగులకి షీట్ నిదానంగా 0 చూపించింది. ఎర్రర్ వస్తే అనుమానమన్నా వచ్చేది! మొదటి వరస చిన్న అంకె నుంచి పెద్ద అంకెకి పోవాల్సిందే.

ఇలాంటిదే ఇంకొకటుంది. రాత్రి రీడింగు ఎవరూ రాయక గడి ఖాళీగా ఉంటే, ఎక్సెల్‌లో ఫార్ములా దాన్ని సున్నా అడుగులుగా లెక్కేసి "హెచ్చరిక 0" అంటుంది. కబురు లేకపోవడం వేరు, వరద లేకపోవడం వేరు. అందుకే ఇక్కడ మాత్రం ఒక ఇఫ్ పెట్టక తప్పదు:

=ఇఫ్(బీ2="", "", వీలుకప్(బీ2, $డీ$2:$ఈ$5, 2, ట్రూ))

మట్టం పక్కన "అడుగులు" అని కొట్టకండి, అంకె కాస్తా మాటైపోయి ఎర్రర్ వస్తుంది.

భద్రాచలానికి ఫార్ములా అదే, పట్టిక వేరు: 0, 43, 48, 53. దాన్ని జీ, హెచ్ వరసల్లో వేసి, ఫార్ములాలో గడుల పేర్లు మార్చుకోండి. 2022 జూలైలో అక్కడ మట్టం 71.3 అడుగులకి చేరింది. ఆ అంకె ఇచ్చి చూడండి, 3 రావాలి. చివరి మెట్టుకి పై హద్దు లేదు కాబట్టి ఎంత పెరిగినా 3 దగ్గరే ఉంటుంది.

మా వైపు చెరువులున్నవాళ్లు రొయ్యల కౌంటుకి మార్కులు వేసుకోవడానికీ ఇలాంటి పట్టికే వాడొచ్చు. కిలోకి ఎన్ని తూగాయన్నదే కౌంటు కాబట్టి అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నది, మార్కు తగ్గాలి. కంగారు లేదు: ఎడమ వరస పెరుగుతూ పోతే చాలు, కుడి వరస 5, 4, 3 అని దిగుతూ పోయినా షీట్ ఏమీ అనదు.