సెకండ్‌హ్యాండ్ హైబ్రిడ్ ఎస్‌యూవీ కొంటున్నారా? హైరైడర్, గ్రాండ్ విటారా చూసే పద్ధతి

కన్సల్టెన్సీ వాళ్లు "హైబ్రిడ్ బండి సార్, లీటరుకి 27 ఇస్తుంది" అన్నారంటే ముందు తేల్చుకోవాల్సింది ధర కాదు, అది ఏ రకం హైబ్రిడ్ అన్నది. టొయోటా హైరైడర్, మారుతి గ్రాండ్ విటారా రెండూ 2022లో వచ్చాయి. రెండూ బిడదిలోని టొయోటా ఫ్యాక్టరీలో పుట్టిన అన్నదమ్ములే, కాబట్టి ఒకదాని గురించి చెప్పింది చాలావరకు రెండోదానికీ వర్తిస్తుంది. రెండింట్లోనూ మైల్డ్ హైబ్రిడ్ ఉంది, స్ట్రాంగ్ హైబ్రిడ్ ఉంది. మైల్డ్‌లో ఇంజనుకి చిన్న స్టార్టర్-జనరేటర్ కాస్త చేయూతనిస్తుంది, అంతే. ఒట్టి మోటారు మీద బండి కదలదు. స్ట్రాంగ్‌లో 80 పీఎస్ శక్తి ఉన్న మోటారు, 0.76 కిలోవాట్-అవర్ లిథియం అయాన్ బ్యాటరీ ఉంటాయి. 27.97 అన్న ఏఆర్ఏఐ (వాహనాల్ని పరీక్షించి ధ్రువీకరించే సంస్థ) మైలేజీ దీనిదే.

తేల్చుకోవడం సులువు. ఆర్‌సీలో సీసీ చూడండి: 1490 ఉంటే స్ట్రాంగ్, 1462 ఉంటే మైల్డ్. సిలిండర్లు స్ట్రాంగ్‌కి మూడు, మైల్డ్‌కి నాలుగు. గేరు లివర్ దగ్గర డి కింద బి అని ఉండాలి, ఈవీ మోడ్ బటన్ ఉండాలి, బానెట్ ఎత్తితే లావుపాటి నారింజ రంగు కేబుళ్లు కనబడాలి. ఆ కేబుళ్ల మీద మాత్రం చెయ్యి వేయకండి, హై వోల్టేజీ. మాన్యువల్ గేర్లున్నా, ఆల్‌వీల్ డ్రైవ్ అని చెప్పినా అది మైల్డే. గ్రాండ్ విటారాలో స్ట్రాంగ్ వేరియంట్లకి పేరులో ప్లస్ ఉంటుంది. హైరైడర్‌లో ఎస్, జి, వి అనే పేర్లు రెండు రకాలకీ ఉన్నాయి, పేరు చూసి మోసపోవద్దు.

స్ట్రాంగ్ హైబ్రిడ్ అనగానే బ్యాటరీ పోతే లక్షలు అన్న భయం అందరికీ ఉంటుంది. నిజానికి ఈ బండ్లలో ముందుగా భయపడాల్సింది దానికి కాదు. హైబ్రిడ్ బ్యాటరీకి కంపెనీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తుంది. 2022 అక్టోబరులో డెలివరీ అయిన బండి 60,000 తిరిగి ఉంటే, 2030 అక్టోబరు దాకా లేదా ఇంకో లక్ష కిలోమీటర్ల దాకా ధీమా ఉన్నట్టే. అయితే వారం వారం హైదరాబాద్–విజయవాడ తిరిగిన బండికి ఏళ్లకంటే ముందే కిలోమీటర్లు అయిపోతాయి. అందుకే రిజిస్ట్రేషన్ నంబరు, ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్‌లో హిస్టరీ తీయించండి. ప్రతి సర్వీసులో నమోదైన కిలోమీటర్లను వరసగా చూడండి. మధ్యలో ఏడాదిన్నర ఖాళీ ఉంటే మీటరు తిప్పి ఉండొచ్చు, బయట సర్వీసు చేయించి ఉండొచ్చు. ఏదైనా వారంటీ క్లెయిము దగ్గర పేచీ వస్తుంది. బయట వేయించిన వైరింగ్ ఉన్నా అంతే. వారంటీ మీ పేరుకి వస్తుందా, ఇంకా ఎంత మిగిలింది అన్నది సర్వీస్ సెంటర్ వాళ్ల దగ్గర కాగితం మీద రాయించుకోండి. నోటిమాట వద్దు.

అసలు భయపడాల్సింది నీళ్లకి. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఆ బ్యాటరీ డిక్కీ నేల కింద ఉంటుంది. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపానుకి చెన్నైలో, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. మునిగిన బండి ఆ ఊళ్లోనే అమ్ముడవ్వాలని లేదు. సీటు బెల్టుని చివరిదాకా లాగి చూడండి, కింది మూరెడులో బురద చార కనబడితే దండం పెట్టి వచ్చేయండి. సీటు పట్టాల బోల్టులకి తుప్పు, కార్పెట్ కింద ఒండ్రు, డిక్కీ మూలల్లో సన్నటి ఇసుక, ఏసీ వేయగానే ముక్కిన వాసన, ఇవే గుర్తులు. కొత్త సీటు కవర్లు, గుప్పుమనే పెర్‌ఫ్యూమ్ ఉంటే ఇంకాస్త అనుమానించాలి. ఇన్సూరెన్స్ క్లెయిము హిస్టరీ కూడా అడగండి.

స్ట్రాంగ్ హైబ్రిడ్ టెస్ట్ డ్రైవ్‌కి పొద్దున్నే, బండి స్టార్ట్ చేయకముందే వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉండాలి. బ్రేకు తొక్కి బటన్ నొక్కితే రెడీ అన్న లైటు వెలగాలి. ఇంజను చప్పుడు రాకపోయినా కంగారు లేదు. లైటే వెలగకపోతే చాలాసార్లు తప్పు మామూలు 12 వోల్టుల బ్యాటరీది. అది నీరసపడితే డాష్‌బోర్డులో సంబంధం లేని హెచ్చరికలు కూడా వస్తాయి. అలాంటప్పుడు దాన్ని మార్పించాకే మిగతావి చూడండి.

తర్వాత నిలబెట్టిన చోటే ఏసీ పెట్టి 20 నిమిషాలు కూర్చోండి. ఇంజను ఆగాలి, కొంతసేపు బ్యాటరీ మీదే ఏసీ నడవాలి, తర్వాత ఇంజను దానంతటదే లేచి చార్జి చేసి మళ్లీ ఆగాలి. బ్యాటరీ గీతలు నిమిషం రెండు నిమిషాల్లో నిండుగా, మళ్లీ ఖాళీగా ఊగుతుంటే సెల్స్‌లో తేడా ఉన్నట్టు. ఇంజను ఆగగానే చల్లదనం తగ్గిపోతే ఏసీ కంప్రెసర్ చూపించాలి, ఎందుకంటే అది కరెంటు మీద నడిచేది. ఇక్కడే ఒక ప్రశ్న వేయండి: ఏసీ గ్యాస్ ఎక్కడ నింపించారు? ఈ కంప్రెసర్‌కి కరెంటు పారనివ్వని ప్రత్యేక ఆయిల్ వాడాలి. రోడ్డు పక్క మెకానిక్ మామూలు బండ్ల ఆయిల్ ఎక్కిస్తే ఇన్సులేషన్ దెబ్బతిని, హై వోల్టేజీ సిస్టమే ఫాల్టు చూపించి బండి మొరాయించొచ్చు.

రోడ్డు మీద కనీసం 30 కిలోమీటర్లు నడపండి, ఒక ఫ్లైఓవర్ ఎక్కించండి. గట్టిగా తొక్కితే మూడు సిలిండర్ల ఇంజను గీపెడుతుంది. అది ఈ-సీవీటీ (ఈ హైబ్రిడ్‌లోని ఆటోమేటిక్ గేర్‌బాక్స్) స్వభావం, జబ్బు కాదు. బ్రేకు తొక్కినప్పుడు మాత్రం చెవి పెట్టండి. చాలావరకు మోటారే బండిని ఆపుతుంది కాబట్టి ప్యాడ్లు అరగవు. కానీ వాడకం తక్కువై డిస్కులు తుప్పు పడతాయి, ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ పిన్నులు బిగుసుకుంటాయి. గరగర మోతా, ఒక పక్కకి లాగడమూ అందుకే. వెనక సీట్ల వైపు నుంచి ఫ్యాను ఆగకుండా గట్టిగా మోగుతుంటే బ్యాటరీకి గాలి వెళ్లే దారి దుమ్ముతో మూసుకుపోయి ఉండొచ్చు. శుభ్రం చేస్తే పోయేదే, కానీ ఎన్నాళ్లు వేడిలో నడిచిందో తెలియదు.

బానెట్ కింద కూలెంట్ డబ్బాలు రెండు: ఒకటి ఇంజనుది, రెండోది బ్యాటరీ కరెంటుని మోటారుకి తగ్గట్టు మార్చే ఇన్వర్టర్‌ది. రెండోదాన్ని ఎవరూ చూడరు. మట్టం గీతల మధ్య ఉండాలి, మడ్డిగా ఉండకూడదు. ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్‌కి తగిలించే పరికరం) పెట్టించి లోపాల కోడ్లు చదివించండి. పీ0ఏ80 అంటే బ్యాటరీ ప్యాక్ మార్చాలని, పీ0ఏ93 అంటే ఇన్వర్టర్ కూలింగ్ లోపమని. ఏమీ లేకపోతే వెంటనే సంతోషపడకండి. కోడ్లు చెరిపాక ఎన్ని కిలోమీటర్లు నడిచిందో కూడా అదే స్కానర్ చెప్తుంది. నిన్ననే చెరిపి ఉంటే అర్థం తెలిసిందే. డబ్బు కట్టి అయినా సర్వీస్ సెంటర్‌లో హైబ్రిడ్ సిస్టమ్ రిపోర్టు ప్రింటు తీసుకోవడం మేలు.

రీకాల్స్ కూడా చూసుకోవాలి. 2022 ఆగస్టు 8–నవంబరు 15 మధ్య తయారైనవాటికి వెనక సీటు బెల్టు బ్రాకెట్ కోసం, 2022 డిసెంబరు 8–2023 జనవరి 12 మధ్యవాటికి ఎయిర్‌బ్యాగ్ కంట్రోలర్ కోసం కంపెనీలు వెనక్కి పిలిచాయి. పని జరిగిందో లేదో ఛాసిస్ నంబరుతో తెలుస్తుంది.

డిక్కీ సంగతి మర్చిపోవద్దు. బ్యాటరీ వల్ల స్ట్రాంగ్‌లో ఇది మైల్డ్ కంటే బాగా చిన్నది. సంక్రాంతికి ఊరెళ్లే కుటుంబమైతే మీ పెద్ద సూట్‌కేసు పట్టుకెళ్లి పెట్టి చూసుకోండి.

బేరంలో ఒక మాట. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ స్ట్రాంగ్ హైబ్రిడ్ల మీద పన్ను 43 శాతం నుంచి 40కి తగ్గింది. అమ్మేవాళ్లు పాత ఇన్‌వాయిస్ చూపిస్తారు, మీరు నేటి కొత్త బండి ధర నుంచి లెక్కేయండి. ఉత్తరప్రదేశ్ 2024లో స్ట్రాంగ్ హైబ్రిడ్లకి రిజిస్ట్రేషన్ పన్ను మాఫీ చేసింది. అక్కణ్నుంచి వచ్చిన బండి చవగ్గా కనిపించినా ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాల్సిందే. తెలంగాణ బండి ఆంధ్రాకి తెచ్చినా అంతే, ఫారం 28 మీద ఎన్ఓసీ, పన్ను తప్పవు.

కాగితాల్లో బండి మీ పేరుకి మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు, లోను ఉంటే బ్యాంకు ఎన్ఓసీతో ఫారం 35, పెండింగ్ చలాన్లు కట్టిన రసీదు తీసుకున్నాకే మిగతా డబ్బు ఇవ్వండి. ఇన్సూరెన్స్ 14 రోజుల్లో మీ పేరుకి మార్చుకోవాలి. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పాత ఓనరుదే, ఆ తేడా మీరు కట్టాలి. ఆయన ఫాస్టాగ్‌ని కూడా మూయించండి, లేకపోతే మీకు కొత్తది రాదు.