ఎండలు ముదరకముందే చర్మం లోపలి కణాల కోసం తీసుకోవలసిన జాగ్రత్తలు

శివరాత్రి దాటిందంటే వరంగల్, హనుమకొండ, కరీంనగర్ ప్రాంతాల్లో ఎండ తీరు మారిపోతుంది. రామగుండం, ఆదిలాబాద్ వైపు మే నెలలో 44, 45 డిగ్రీలు నమోదు కావడం కొత్తేమీ కాదు. వడదెబ్బ గురించి అందరూ హెచ్చరిస్తారు, హెచ్చరించాలి కూడా. అదే ఎండ చర్మం లోపల చేసే నష్టం మాత్రం ఏళ్లు గడిచాక గానీ బయటపడదు కనుక, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

చర్మం పైపొర కింద ఉండే మందమైన పొరలో ఫైబ్రోబ్లాస్ట్‌లు అనే కణాలు ఉంటాయి. చర్మానికి గట్టిదనాన్ని ఇచ్చే కొల్లాజెన్‌ను, సాగినా మళ్లీ యథాస్థితికి తెచ్చే ఎలాస్టిన్‌ను, తేమను పట్టి ఉంచే హైలురోనిక్ ఆమ్లాన్ని తయారు చేసేవి ప్రధానంగా ఇవే. అతినీలలోహిత కిరణాల్లో యూవీ-బి చాలావరకు పైపొరలోనే ఆగి చర్మాన్ని కమిలిస్తే, యూవీ-ఎ లోపలి పొర దాకా దిగి కొల్లాజెన్‌ను ముక్కలు చేసే ఎంజైములను పెంచుతుంది. ఫైబ్రోబ్లాస్ట్‌లు తమ చుట్టూ ఉన్న కొల్లాజెన్ పోగులను పట్టుకుని బిగువుగా ఉన్నంతకాలమే చురుగ్గా పనిచేస్తాయి; అక్కడక్కడ తెగిన నులక మంచంలా ఆ పోగులు వదులైపోతే కణాలు కుంచించుకుపోయి, కొత్త కొల్లాజెన్‌ను తగ్గించి, ఉన్నదాన్ని కోసే ఎంజైములను మరింతగా విడుదల చేస్తాయి. అంటే ఒక నష్టం మరో నష్టానికి దారి తీస్తుంది. ముడతలు పడ్డాక క్రీముల కోసం తిరగడం కంటే పోగులు తెగకుండా కాపాడుకోవడమే తేలిక, చవక కూడా.

ఎండ తీవ్రతను వేడిని బట్టి అంచనా వేయకూడదు. మబ్బు పట్టిన రోజు చల్లగా ఉన్నా యూవీ కిరణాలు చాలావరకు కిందికి వస్తూనే ఉంటాయి. మన నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉన్నంతసేపు వీలైనంతవరకు బయటి పని పెట్టుకోకపోవడం మంచిది. వరంగల్‌లో మే రెండో వారానికి మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అప్పటికి రోహిణి కార్తె ఇంకా మొదలే కాదు, అయినా యూవీ అప్పటికే తీవ్రంగా ఉంటుంది. తునికాకు సేకరణకు వెళ్లేవారు తెల్లవారుజామునే ఆకు తెంపి, కట్టలు కట్టే పనిని నీడపట్టున పెట్టుకోవడం ఈ లెక్కన ఎంతో తెలివైన పద్ధతి.

కప్పుకోవడానికి మించిన రక్షణ లేదు. నర్సంపేట, మహబూబాబాద్ వైపు మిర్చి ఏరే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల పాత ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని తలకు తువ్వాల చుట్టుకోవడం చూస్తుంటాం. ఖరీదైన ఏ క్రీమూ ఆ చొక్కాకు సాటి రాదని నా అభిప్రాయం. బట్టను వెలుతురుకు అడ్డంగా పట్టి చూడాలి. అవతలివి స్పష్టంగా కనిపిస్తే అది పలుచనిదని అర్థం. పలుచని నూలు బట్ట చెమటకు తడిసినప్పుడు కిరణాలను మరింతగా లోపలికి వదులుతుంది. బండి మీద వెళ్లేవారు ముఖానికి దస్తీ కట్టుకున్నా ముక్కు పైభాగం, కళ్ల కింద, చేతుల వెనక వైపు ఖాళీగానే మిగిలిపోతాయి. మచ్చలు, ముడతలు ముందుగా కనిపించేది కూడా సరిగ్గా అక్కడే. కారు ముందు అద్దం యూవీ-ఎను చాలావరకు ఆపుతుంది గానీ, పక్క అద్దాలు అంతగా ఆపవు. రోజంతా బండి నడిపేవారి కుడి చెయ్యి, కుడి చెంప ముందుగా ముదిరేది అందుకే.

కప్పుకోలేని చోట సన్‌స్క్రీన్ రాసుకోవాలి. రక్షణ ఎంతో తెలిపే ఎస్‌పీఎఫ్ అంకె ముఖ్యంగా యూవీ-బి సంగతే చెబుతుంది. యూవీ-ఎ కోసం డబ్బా మీద పీఏ పక్కన ఎన్ని ప్లస్ గుర్తులు ఉన్నాయో చూడాలి. ఎస్‌పీఎఫ్ 30 సరిగ్గా రాసుకుంటే దాదాపు 97 శాతం యూవీ-బిని, 50 అయితే 98 శాతాన్ని ఆపుతుంది, కాబట్టి పెద్ద అంకె కోసం ఎక్కువ డబ్బు పెట్టనక్కర్లేదు. అసలు లోపం పరిమాణంలోనే ఉంది: ముఖానికి, మెడకు కలిపి చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండుకున్నంత కావాలి, మనలో చాలామంది శనగగింజంత రాసుకుని ఊరుకుంటారు. బయట ఉంటే రెండు గంటలకోసారి, చెమట తుడుచుకున్న వెంటనే మళ్లీ రాసుకోవాలి. మంగు మచ్చలు ఉన్నవారికి ఐరన్ ఆక్సైడ్ కలిసిన రంగు సన్‌స్క్రీన్ ఎక్కువ మేలు చేస్తుంది, ఎందుకంటే మన చర్మఛాయ వారిలో కంటికి కనిపించే వెలుగు కూడా ఆ మచ్చలను ముదరబెడుతుంది.

పెళ్లిళ్ల కాలంలో తెల్లబడతామని మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే ట్యూబుల విషయంలో చాలా జాగ్రత్తగా ఉండాలి. వాటిలో చాలావాటిలో బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ వంటి స్టెరాయిడ్లు ఉంటాయి. మొదటి వారాల్లో ముఖం తేటగా కనిపిస్తుంది; కానీ స్టెరాయిడ్ ఫైబ్రోబ్లాస్ట్‌ల పనినే అణచివేసి కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది కాబట్టి క్రమంగా చర్మం పలచబడి, సన్నని ఎర్రటి రక్తనాళాలు తేలి, కొద్దిపాటి ఎండకే మంట పుడుతుంది. వైద్యుల చీటీ లేకుండా వీటిని అమ్మకూడదని కేంద్రం 2018లో నియమం తెచ్చినా అడిగితే దొరుకుతూనే ఉన్నాయి. నెలల తరబడి వాడినవారు ఒక్కసారిగా మానేస్తే ముఖం ఎర్రబడి మరింత మండుతుంది, అందుకని వరంగల్ ఎంజీఎంలోనో మరో ఆసుపత్రిలోనో చర్మ వైద్యులకు చూపించి నెమ్మదిగా తగ్గించుకోవాలి. నిమ్మరసం ముఖానికి రుద్దుకుని ఎండలోకి వెళ్లడం కూడా ప్రమాదమే. బొబ్బలు లేచి నల్లటి మరకలు పడతాయి.

కొల్లాజెన్ క్రీములు పైపొర దాటి లోపలికి వెళ్లవు, ఎందుకంటే ఆ అణువు చాలా పెద్దది. కొల్లాజెన్ పొడి తాగితే కడుపులో అమైనో ఆమ్లాలుగా, చిన్న పెప్టైడ్‌లుగా విడిపోతుందే తప్ప నేరుగా ముఖానికి చేరదు. కణాలు కొల్లాజెన్ తయారు చేయడానికి విటమిన్ సి తప్పనిసరి, దానికి ఉసిరి, జామ చాలు. బీడీ, సిగరెట్ కొల్లాజెన్‌ను కోసే ఎంజైములను పెంచుతాయి. ఫైబ్రోబ్లాస్ట్‌లను నిజంగా పురికొల్పే పూత మందు ట్రెటినాయిన్; అయితే దాన్ని వైద్యుల సలహాతో, రాత్రిపూట మాత్రమే, వీలైతే చలికాలంలో మొదలుపెట్టాలి. గర్భిణులు వాడకూడదు.

బీపీకి హైడ్రోక్లోరోథయజైడ్, మొటిమలకు డాక్సీసైక్లిన్ వాడుతున్నవారి చర్మం ఎండకు మామూలు కంటే త్వరగా కమిలిపోతుంది. వాటిని సొంతంగా మానేయకుండా, మార్చి నెలలోనే వైద్యులను కలిసి మందు మార్చే అవసరం ఉందో లేదో అడిగి తెలుసుకోవాలి.