పొడి ఎక్స్-కిరణ వివర్తనం – 3వ పాఠం: ఆస్పిరిన్ పలకలు

పీక్ (చెదరిన కిరణాల తీవ్రత గ్రాఫ్‌లో లేచే మొన) స్థానం నుంచి స్ఫటికంలోని అణువుల తలాల మధ్య దూరాన్ని లెక్కగట్టడం గత పాఠంలో నేర్చుకున్నాము. ఈసారి అదే లెక్కను ఆస్పిరిన్ మీద చేసి, పొడిని నింపే తీరు ఫలితాన్ని ఎంతగా మార్చగలదో చూద్దాము.

రాగి గొట్టం కిరణాల తరంగదైర్ఘ్యం 1.5406 ఆంగ్‌స్ట్రాములు. టూ-తీటా (కిరణం తన దారి నుంచి మళ్ళిన కోణం) 7.8 డిగ్రీల వద్ద ఉన్న పీక్‌ను తీసుకుంటే, అందులో సగం 3.9, దాని సైన్ విలువ 0.0680, 1.5406ను ఆ సైన్‌కు రెట్టింపైన 0.1360తో భాగిస్తే 11.33 ఆంగ్‌స్ట్రాములు వస్తుంది. 15.6 వద్ద ఉన్న పీక్‌కు ఇదే విధంగా 5.68 వస్తుంది, అంటే మొదటిదానిలో దాదాపు సగం. కనుక ఇవి వేర్వేరు తలాలవి కావు. ఒకే పొరల వరుస మొదటి, రెండవ శ్రేణులలో (పక్కపక్క పొరల కిరణాల దారి తేడా ఒక తరంగదైర్ఘ్యం, రెండు తరంగదైర్ఘ్యాలు అయినప్పుడు) కనబడుతున్నది.

చిక్కంతా ఇక్కడే ఉన్నది. ఆస్పిరిన్ తరచుగా పలకలుగా పెరుగుతుంది, ఆ పలకల వెడల్పాటి ముఖం ఈ పొరలకు సమాంతరంగా ఉంటుంది. పొడిని గాజు పలకతో పైనుంచి అదిమి చదును చేసినప్పుడు ఆ పలకలన్నీ పేకముక్కల్లా పడుకుంటాయి. అప్పుడు ఈ రెండు పీక్‌లు ఆకాశానికి లేచి, మిగిలినవి నేలబారుగా మిగులుతాయి. అందువల్ల పదార్థాన్ని గుర్తించేటప్పుడు ముందు స్థానాలను నమ్మండి, ఎత్తులను తర్వాత నమ్మండి.

స్థానాలు కూడా అన్నిసార్లూ చాలవు. 2005లో ఆస్పిరిన్ రెండవ రూపాన్ని, అంటే అవే అణువులు వేరుగా పేర్చుకున్న మరో స్ఫటికాన్ని, ప్రకటించారు. దానిలోనూ పొరలు దాదాపు అవే, ఒక పొర పక్కపొర మీద జరిగిన తీరు మాత్రమే వేరు. కాబట్టి పైన చెప్పిన రెండు పీక్‌లు రెండు రూపాలలోనూ దాదాపు ఒకేచోట వస్తాయి, వాటి తేడా పీక్‌లను పోల్చేటప్పుడు సాధారణంగా పాటించే 0.2 డిగ్రీల హద్దుకు లోపలే ఉంటుంది. అప్పట్లో హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఉన్న స్ఫటిక రసాయన శాస్త్రవేత్త గౌతమ్ దేశిరాజు, ఆండ్రూ బాండ్, రోలాండ్ బోజ్‌లతో కలిసి, ఒకే స్ఫటికంలో ఈ రెండు రూపాల అమరికలూ కలిసి ఉండగలవని 2007లో చూపారు. రూపభేదాన్ని తేల్చేవి మిగిలిన పీక్‌లే, పొడి పలకలుగా పడుకున్నప్పుడు అణగిపోయేవీ అవే.

కనుక పొడిని అగేట్ (గట్టి రాయి) కల్వంలో తేలికగా నూరండి. బలమంతా పెట్టి నూరితే పీక్‌లు వెడల్పవుతాయి; మొదట్లో నేను చేసిన తప్పు అదే. తరువాత హోల్డర్‌ను (పొడిని పట్టి ఉంచే పళ్ళెం) వెనుకనుంచి నింపండి, లేదా సన్నని గాజు గొట్టంలో నింపి తిప్పుతూ కొలవండి. పొడి ఉపరితలం హోల్డర్ అంచుతో సమంగా ఉండాలి: 200 మిల్లీమీటర్ల వ్యాసార్ధం గల పరికరంలో 0.1 మిల్లీమీటరు ఎత్తు పెరిగినా పీక్‌లు సుమారు 0.06 డిగ్రీలు పెద్ద కోణం వైపు జరుగుతాయి. కాస్త సిలికాన్ పొడిని కలిపితే 28.44 డిగ్రీల వద్ద దాని పీక్ ఈ జరుగుబాటును పట్టిస్తుంది.

అభ్యాసం: ఇదే పొరల వరుస మూడవ శ్రేణి పీక్ ఏ కోణం వద్ద రావాలో లెక్కించండి. జవాబుతో 4వ పాఠం మొదలవుతుంది.