హాచ్ మిరప పండుగకు పిల్లలతో వెళ్లేవారికి

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, లాస్ క్రూసెస్‌కు ఉత్తరాన సుమారు 40 మైళ్ల దూరంలో ఉన్న హాచ్ అనే చిన్న ఊరిలో, ఏటా సెప్టెంబరు మొదటి సోమవారం వచ్చే లేబర్ డే సెలవులకు ముడిపడిన వారాంతంలో మిరప పండుగ జరుగుతుంది. అప్పటికింకా ఎండ తీవ్రంగా ఉంటుంది కనుక ఉదయమే చేరుకోవాలి. టోపీలు, మంచినీళ్లతో పాటు కొంచెం పెరుగన్నం కూడా వెంట ఉంచుకోండి. పిల్లల నోరు మండినప్పుడు నీళ్లకంటే పెరుగే మేలు చేస్తుంది.

ఇనుప వల పీపాల్లో పచ్చిమిరపకాయలను గ్యాస్ మంటపై తిప్పుతూ కాల్చడం తప్పక చూడవలసిన దృశ్యమే అయినా, పోపు ఘాటుకు అలవాటుపడిన మనకు సైతం ఆ పొగ దగ్గు తెప్పించవచ్చు కాబట్టి, పిల్లలను గాలి ఎటునుంచి వస్తోందో ఆ వైపున, మంటకు దూరంగా నిలబెట్టాలి.

భోజనం దగ్గర మిరప సాస్ "ఎరుపా, పచ్చా?" అని అడుగుతారు. రెండూ కావాలంటే "క్రిస్మస్" అంటే సరిపోతుంది. గుంటూరు కారం తిన్న నాలుకకు చాలా రకాలు చప్పగానే తోస్తాయి, అయినా పిల్లలకు ముందుగా తక్కువ కారమున్నదే ఇప్పించండి.

కాల్చిన కాయలు కొంటే ఐస్ పెట్టెలో ఇంటికి తెచ్చి, తొక్కతోనే చిన్న సంచుల్లో ఫ్రీజర్‌లో దాచుకోవచ్చు. కరిగాక తొక్క సులువుగా ఊడుతుంది. ఆ పనికి చేతి తొడుగులు తప్పనిసరి.