పత్తర్‌గట్టి రోడ్డుని నడిచి చూడాలంటే

చార్మినార్ చూడ్డానికి వచ్చేవాళ్లు చాలామంది ఆటోలో నేరుగా దాని దగ్గరికే వెళ్లిపోతారు. మీరు మూసీ మీది నయాపూల్ వంతెన దగ్గరే దిగండి. అక్కణ్ణుంచి పత్తర్‌గట్టి బజారు మీదుగా చార్మినార్‌కి కిలోమీటరు నడక. పొద్దున ఏడింటికల్లా వెళ్లాలి. షాపులు తెరిచాక వేలాడే చీరలు, బోర్డులు తప్ప గోడ కనబడదు.

ముందు వంతెన మీద నిలబడి మూసీని చూడండి. 1908 సెప్టెంబరులో ఈ నది పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టి ఊరిని బాగుచెయ్యడం మొదలుపెట్టారు. పత్తర్‌గట్టి ఆ పనిలోంచి పుట్టిందే.

మదీనా చౌరస్తా దాటాక ఫుట్‌పాత్ ఎక్కి రాతి కమాన్ల కిందే నడవండి. మా నాన్న ఇక్కడ ఒక బట్టల కొట్టులో ఇరవై ఆరేళ్లు లెక్కలు రాశారు. సెలవుల్లో ఆయన వెంట వెళ్లి, షట్టరు ఎత్తేదాకా స్తంభానికి ఆనుకుని కూర్చునేదాన్ని. మే నెలలో కూడా పొద్దుటిపూట ఆ రాయి వీపుకి చల్లగా తగిలేది. మీరూ అరచెయ్యి ఆనించి చూడండి, ఉలి దెబ్బలు తెలుస్తాయి. తర్వాత రోడ్డు దాటి, అవతలి వైపు నుంచి తలెత్తి పై అంతస్తు చూడండి. కింద కొట్లు, పైన ఇళ్లు ఉండేలా కట్టారు. అంత చక్కటి రాతికి మేకులు దిగ్గొట్టి బోర్డులు బిగించారు, చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

మచ్లీ కమాన్ దాటితే గుల్జార్ హౌజ్ ఫౌంటెన్. ఇక్కడ ఆగి చుట్టూ తిరిగి చూస్తే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు. ఇవి కుతుబ్‌షాహీల నాటివి. ఎదురుగా 1591 నాటి చార్మినార్. ఎడమ చేతి వైపుది కాలీ కమాన్, దాన్ని వదిలెయ్యకండి.

టీ తాగి, పదకొండు దాటాక వెనక్కి వచ్చి అత్తరు కొనండి. సీసా మూత దగ్గర వాసన చూసి బేరం మొదలుపెట్టొద్దు. మణికట్టు మీద రాయించుకుని పావుగంట తిరిగి రండి. అప్పటికి నిలిచిందే అసలు వాసన. ఎండాకాలమైతే వట్టివేళ్లది, ఖస్ అని అడగండి. తొలివాన మట్టి వాసన కావాలంటే మిట్టీ అత్తర్ అనాలి. మా నాన్న అత్తరులో ముంచిన దూదిని చెవి మడతలో పెట్టించుకుని ఇంటికొచ్చేవారు. మీరూ అడగండి, పెడతారు.