వందల ఫొటోల పేర్లు ఒకేసారి మార్చాలా? బల్క్ రీనేమ్ యుటిలిటీని మీ పనికి తగ్గట్టు ఇలా సెట్ చేసుకోండి

మేడారం జాతర తీసినా, హన్మకొండలో ఒక్క పెళ్లి తీసినా, కార్డులోంచి కంప్యూటర్‌లోకి దిగేవి డీఎస్‌సీ_4521, ఐఎంజీ_0087 లాంటి పేర్లే. పైగా కెమెరాలో నాలుగంకెల లెక్క 9999 దాటగానే మళ్లీ 0001కి వస్తుంది. పోయిన జాతర ఫొటోకూ ఈ జాతర ఫొటోకూ ఒకే పేరు పడొచ్చు. రెండిటినీ ఒకే ఫోల్డర్‌లో వేస్తే ఏదో ఒకటి పోయే ప్రమాదం ఉంది.

విండోస్ వాడేవాళ్లకు బల్క్ రీనేమ్ యుటిలిటీ అనే ప్రోగ్రామ్ ఈ పని బాగా చేస్తుంది. సొంత వాడకానికి ఉచితం. స్టూడియోలో వ్యాపారానికి వాడితే లైసెన్స్ కొనాలి. తెరవగానే స్క్రీన్ నిండా నంబర్లు వేసిన చిన్న చిన్న పెట్టెలు కనిపిస్తాయి, సబ్‌స్టేషన్‌లో మీటర్ల గోడలాగా. టెన్షన్ పడకండి. వాటిలో సగానికి పైగా మీరు ఎప్పుడూ ముట్టుకోరు.

1. ముందు పేరు తేల్చుకోండి

ప్రోగ్రామ్ తెరవకముందే మీకు ఎలాంటి పేరు కావాలో కాగితం మీద రాసుకోండి. ఉదాహరణకు: మేడారం_20240222_001. సమ్మక్క గద్దెకు వచ్చిన గురువారం అది. సంవత్సరం, నెల, రోజు ఈ వరసలోనే రాయాలి. మనకు అలవాటైనట్టు రోజు ముందు పెడితే ఫోల్డర్‌లో జనవరి 22, ఫిబ్రవరి 22 పక్కపక్కన చేరి తేదీల వరస చెడిపోతుంది.

తెలుగులో పేర్లు పెట్టుకోవచ్చు, విండోస్ ఒప్పుకుంటుంది. కానీ ఆండ్రాయిడ్ ఫోన్లలో, లినక్స్‌లో ఫైల్ పేరుకు 255 బైట్లే హద్దు. తెలుగులో ఒక్కో అక్షరానికి, ఒక్కో గుణింతం గుర్తుకు మూడేసి బైట్లు పోతాయి కాబట్టి పేరు పొట్టిగా ఉంచండి. ప్రింటింగ్ ల్యాబ్‌కు పంపేవైతే ఇంగ్లిష్ అక్షరాలే మేలు. పాత సాఫ్ట్‌వేర్లలో తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా మారిపోవచ్చు. ఏ భాషలో రాసినా ఏటవాలు గీత (/), కోలన్, నక్షత్రం, ప్రశ్నార్థకం విండోస్ పేర్లలో చెల్లవు. తేదీని 22/02 అని రాయలేనిది అందుకే.

2. కాపీ మీద పని చేయండి

ఫొటోలను ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేసి ఆ కాపీని తెరవండి. యాక్షన్స్ మెనూలో అన్‌డూ ఉంది కానీ అది అప్పటికప్పుడు వాడుకోవడానికి మాత్రమే. దాన్ని నమ్ముకుని అసలు ఫైళ్ల మీద ప్రయోగాలు వద్దు.

3. ఏ ఫైళ్లు మారాలో చెప్పండి

ఫిల్టర్స్ పెట్టెలో (నంబర్ 12) ఫోల్డర్స్ దగ్గర టిక్ తీసేయండి, లేదంటే ఫోల్డర్ల పేర్లు కూడా జాబితాలోకి వస్తాయి. సబ్‌ఫోల్డర్స్ టిక్ అవసరమైతేనే. జాబితాలో మీరు ఎంచుకున్న ఫైళ్ల పేర్లే మారతాయి. అన్నీ కావాలంటే కంట్రోల్, ఏ (Ctrl, A) కలిపి నొక్కండి.

ఒకే ఫొటోను రా (RAW, కెమెరా కుదించకుండా దాచే ముడి ఫైల్), జేపీజీ రెండు రకాలుగా తీసేవాళ్లు ఇక్కడ ఆగాలి. రెండిటినీ కలిపి వరస నంబర్లు వేస్తే జత విడిపోతుంది: ఒకదానికి 001, దాని జంటకు 002. ఎడిటింగ్ మొదలుపెట్టిన తర్వాత రా ఫైళ్ల పేర్లు అసలు మార్చొద్దు. ఎడిటింగ్ వివరాలు పక్కన వేరే ఫైల్‌లో అదే పేరుతో ఉంటే వాటికీ వీటికీ లంకె తెగుతుంది.

4. పేరు, తేదీ, నంబర్

నేమ్ (2) పెట్టెలో ఫిక్స్‌డ్ ఎంచుకుని "మేడారం" అని రాయండి. పాత పేరు మొత్తం పోయి ఇది వస్తుంది.

ఆటో డేట్ (8)లో మోడ్ సఫిక్స్ (పేరు చివర చేర్చడం), ఫార్మాట్ వైఎండీ (సంవత్సరం, నెల, రోజు) పెట్టండి. సెంట్ అనే టిక్ పెడితేనే సంవత్సరం నాలుగంకెల్లో వస్తుంది. సెప్ (పేరుకూ తేదీకీ మధ్య గుర్తు) దగ్గర అండర్‌స్కోర్ ఇవ్వండి. ఎక్కువమంది బోల్తా పడేది మాత్రం టైప్ దగ్గర. క్రియేషన్ అంటే ఫొటో తీసిన రోజనుకుంటారు. కాదు, అది ఫైల్‌ను ఈ కంప్యూటర్‌లోకి కాపీ చేసిన రోజు. జాతర అయిపోయిన వారానికి కార్డు దించుకుంటే ఆ తేదీ పడుతుంది. టేకెన్ ఎంచుకుంటే కెమెరా ఫొటోలోనే రాసిపెట్టిన తేదీ వస్తుంది. అది రాకపోతే మాడిఫైడ్ వాడండి. కార్డు నుంచి నేరుగా దించి, ఎడిట్ చేయని ఫొటోలకు అది సరిపోతుంది.

నంబరింగ్ (10)లో మోడ్ సఫిక్స్, స్టార్ట్ 1, ఇంక్రిమెంట్ 1, సెప్ అండర్‌స్కోర్. ప్యాడ్‌లో 3 వేస్తే 001, 002 అని వస్తాయి. ఫొటోలు వెయ్యి దాటేలా ఉంటే 4 వేయండి. ముందు సున్నాలు లేకపోతే పెన్‌డ్రైవ్ పెట్టిన టీవీలు కొన్ని 1 తర్వాత 10, 11 చూపించి ఆ తర్వాతే 2కు వస్తాయి. పెళ్లిలో తలంబ్రాలు అయ్యాక జీలకర్ర బెల్లం కనిపిస్తుంది.

నంబర్లు జాబితాలో ఫైళ్లు ఉన్న వరసలోనే పడతాయి. అందుకే ముందు మాడిఫైడ్ కాలమ్ మీద క్లిక్ చేసి సమయం ప్రకారం సర్దుకోండి. రెండు కెమెరాలుంటే షూటింగ్‌కు ముందే రెండిటి గడియారాలూ ఒకటి చేసి పెట్టుకోవాలి. తేడా ఉంటే ఏ సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ పెట్టినా వరస కుదరదు.

5. ఆల్బమ్ సెలెక్షన్ ఉంటే సెట్టింగ్ వేరు

పెళ్లివాళ్లు ఫొటోలు చూసి నంబర్లు రాసి పంపాక పేర్లు మారిస్తే ఆ చీటీకి విలువ లేదు. మార్చేదుంటే సెలెక్షన్‌కు ఇవ్వకముందే మార్చాలి. అప్పటికే ఇచ్చేసి ఉంటే కెమెరా నంబర్ పోకుండా చూసుకోండి: నేమ్‌లో కీప్, రిమూవ్ (5)లో మొదటి 4 అక్షరాలు (DSC_) తీసేయమని చెప్పడం, యాడ్ (7)లో ప్రిఫిక్స్‌గా (పేరు ముందు) "పెళ్లి_". నంబరింగ్ మోడ్ ఆపేయాలి. డీఎస్‌సీ_4521 కాస్తా పెళ్లి_4521 అవుతుంది, కస్టమర్ రాసిన నంబర్ అలాగే నిలుస్తుంది.

6. చూసి నొక్కండి, సేవ్ చేసుకోండి

న్యూ నేమ్ కాలమ్‌లో రాబోయే పేర్లు ముందే కనిపిస్తాయి. మొదటిది, మధ్యలో ఒకటి, చివరిది చూడండి. అర్ధరాత్రి దాటిన ఫొటోల తేదీ మారి ఉంటుంది, అది తప్పు కాదు. తర్వాతే రీనేమ్ నొక్కండి.

పని కుదిరాక ఫైల్ మెనూలో సేవ్ యాజ్‌తో ఈ సెట్టింగ్స్ మొత్తాన్ని బీఆర్‌యూ (.bru) ఫైల్‌గా దాచుకోండి. జాతరకు ఒకటి, ఆల్బమ్‌కు ఒకటి, వాట్సాప్ ఫొటోలకు ఇంకొకటి. మూడోది వేరుగా ఎందుకంటే, వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే లోపలి తేదీ వివరాలు చెరిగిపోతాయి, టేకెన్ అక్కడ పని చేయదు. బంధువుల దగ్గర నుంచి ఫొటోలు అడిగేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపమనండి. అప్పుడు తేదీ వివరాలు అలాగే ఉంటాయి, జాతర కోసం చేసుకున్న సెట్టింగే వాటికీ పనికొస్తుంది.