పెద్దలకు ఎస్‌ఓఎస్ బటన్ ఎంపిక – మూడో పాఠం: నొక్కితే ఎవరి ఫోను మోగాలి?

మొదటి రెండు పాఠాల అభ్యాసాలు చేసినవారి దగ్గర ఈపాటికి రెండు కాగితాలు ఉండాలి. ఒకటి పెద్దవారు రోజంతా ఇంట్లో ఎక్కడెక్కడ మసలుతారో గుర్తులు పెట్టిన ఇంటి పటం, రెండోది వారి జబ్బులు, మందుల పట్టిక. ఈ రెంటినీ ముందు పెట్టుకొని ఇప్పుడు ఎస్‌ఓఎస్ బటన్‌ను, అంటే ఆపదలో నొక్కితే సాయానికి కాల్ వెళ్లే పరికరాన్ని ఎంచుకుందాం. చాలామంది ధర దగ్గర మొదలుపెడతారు గానీ, బటన్ నొక్కితే ఎవరి ఫోను మోగుతుంది, ఆ మనిషి ఎన్ని నిమిషాల్లో గుమ్మంలోకి రాగలడు అన్నది తేలాకే మిగిలిన ప్రశ్నలకు అర్థం ఉంటుంది.

గుంటూరులో ఒంటరిగా ఉంటున్న 72 ఏళ్ల తల్లికి డాలస్‌లో ఉన్న కొడుకు స్మార్ట్ వాచ్ పంపి, అందులో మొదటి నంబరుగా తన నంబరే పెట్టాడనుకుందాం. వేసవిలో గుంటూరులో మధ్యాహ్నం 12 గంటలైతే డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఒకటిన్నర అవుతుంది, ఆ వేళ ఫోను సైలెంట్‌లో ఉంటుంది. ఒకవేళ లేచినా, అమెరికా నుంచి 108 నొక్కితే మన అంబులెన్సు కేంద్రానికి కలవదు. కాబట్టి మొదటి నంబరు కింది వాటాలో ఉన్నవారిదో, పక్కింటివారిదో కావాలి. చిరునామాతో పాటు వీధి మలుపులో ఉన్న గుడినో, నీళ్ల ట్యాంకునో ఆనవాలుగా 108 వారికి చెప్పగలిగేది వారే. రెండో నంబరు ఊళ్లోనే ఉన్న బంధువుది, మూడోది కొడుకుది. ప్రేమ ఎక్కువ ఎవరికని కాదు, దూరం తక్కువ ఎవరికన్నదాన్ని బట్టి ఈ వరుస. అన్నట్టు, అమెరికాలో కొన్న సిమ్ ఉండే వాచ్ ఇక్కడి నెట్‌వర్క్‌లతో పనిచేస్తుందో లేదో కొనకముందే తేల్చుకోవాలి.

ఇక పరికరాల్లో అన్నిటికంటే చవకైనది చేతిలో ఉన్న ఫోనే. 2017 జనవరి నుంచి మన దేశంలో అమ్మే ఫోన్లలో పానిక్ బటన్ ఉండాలన్న నిబంధన ఉంది. బటన్ల ఫోనులో 5 లేదా 9 అంకెను నొక్కి పట్టుకుంటే, స్మార్ట్‌ఫోనులో పవర్ బటన్‌ను వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే అత్యవసర సాయం నంబరైన 112కు కాల్ వెళ్లాలన్నది ఆ నిబంధన, కానీ మోడల్‌ను బట్టి పద్ధతి మారుతుంది కనుక సెట్టింగ్స్‌లో చూసుకోవాలి. ఫోనుతో చిక్కల్లా, మనిషి బాత్‌రూమ్‌లో జారిపడినప్పుడు అది మంచం మీద ఉండడమే.

రెండో రకంలో గోడ ప్లగ్గుకు పెట్టే పెట్టె ఒకటి, మెడలోనో ముంజేతికో వేసుకునే బటన్ ఒకటి ఉంటాయి; బటన్ నొక్కితే కాల్ చేసేది ఆ పెట్టె. కరెంటు పోతే ఆ పెట్టె సొంత బ్యాటరీతో ఎంతసేపు నిలుస్తుందో, అది వైఫై మీద ఆధారపడితే రౌటర్‌కు ఇన్వర్టర్ కలిపి ఉందో లేదో అడగండి.

మూడో రకం తనలోనే సిమ్ ఉండే లాకెట్ లేదా వాచ్. ఇక్కడ కాస్త నిదానించాలి. చవకగా దొరికే వాటిలో కొన్ని పాతకాలపు 2జీ నెట్‌వర్క్ మీద మాత్రమే పనిచేస్తాయి, జియోకు 2జీ నెట్‌వర్క్ లేనే లేదు. వేసిన సిమ్‌కు రీచార్జి గడువు ముగిసినా పరికరం మీద దీపం మామూలుగానే వెలుగుతూ ఉండవచ్చు, ఆపదలో నొక్కినప్పుడే గుట్టు బయటపడుతుంది. ఆ సిమ్ నంబరును కాల్ అందుకునే అందరి ఫోన్లలోనూ ‘అమ్మ – ఆపద’ అని సేవ్ చేయించాలి, లేకుంటే ఏ లోన్ కంపెనీవారో అనుకొని కట్ చేస్తారు.

ఇప్పుడు జబ్బుల పట్టిక తీయండి. పక్షవాతం వచ్చే ప్రమాదం ఉన్నవారికి వాచ్ కంటే లాకెట్ మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఎడమ ముంజేతి మీది బటన్‌ను నొక్కవలసిన కుడి చేయే చచ్చుబడిపోవచ్చు, లాకెట్ అయితే ఏ చేతికైనా అందుతుంది. మెదడులో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే ఇంజెక్షన్‌ను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారు కనుక ఈ తేడా చిన్నది కాదు. స్పృహ తప్పే గుండె జబ్బు ఉన్నవారికి పడిపోవడాన్ని తానే పసిగట్టే సదుపాయం అవసరం. అయితే అది ఒక్కసారిగా తగిలిన దెబ్బను గుర్తించినంత బాగా, గోడ పట్టుకొని మెల్లగా కూలబడడాన్ని గుర్తించలేదు. పేస్‌మేకర్ ఉన్నవారు ఛాతీ మీద వేలాడే దేన్నైనా గుండె డాక్టరును అడిగాకే వేసుకోవాలి. లాకెట్ తాడు గట్టిగా లాగితే ఊడిపోయేదై ఉండాలి, దేనికైనా చిక్కుకుంటే మెడకు బిగుసుకోకూడదు.

చివరిగా నీటి సంగతి. పరికరం వివరాల్లో ఐపీ67 అని ఉంటే, మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా నీరు చొరబడదని అర్థం. స్నానానికి వెళ్తూ తీసి పక్కన పెట్టవలసిన పరికరాన్ని నేనైతే కొనను.

ఈ వారం అభ్యాసం: తిరిగి ఇచ్చే వీలుతోనే పరికరం తెప్పించండి. బాత్‌రూమ్ తలుపు మూసి, కొళాయి పూర్తిగా తిప్పి, నేల మీద కూర్చొని బటన్ నొక్కి, అవతలివారి మాట మీకు, మీ మాట వారికి వినపడుతోందో లేదో రాసుకోండి. అదే పరీక్ష డాబా మీద, పెరట్లో, వంటింట్లో చేయండి. ఆ తర్వాత లోపలి గడియ వేసి ఉంచి, పక్కింటివారిని బయటి నుంచి తీయమని అడగండి. వారికి తీయడం సాధ్యం కాకపోతే, గడియ తీసేసి రెండు వైపులా తాళంచెవితో తెరుచుకునే తాళం పెట్టించే సంగతి నాలుగో పాఠంలో చూద్దాం.